బియ్యం మావి, కూర సముద్రానిది

"నవమి నాడు ప్రయాణం ఏంట్రా, రేపటికి బస్సులుండవా?" అని మా అమ్మ గుమ్మానికి అడ్డంగా నిలబడింది. 1994 ఫిబ్రవరి, పుష్య బహుళ నవమి. మాకు డిగ్రీ అయ్యి ఎనిమిది నెలలు. ఉద్యోగం సంగతి అడిగే చుట్టాలు ఎదురొస్తే పక్క సందులోకి తిరిగిపోయే రోజులవి, మాలాంటి వాళ్ళకి నవమేంటి దశమేంటి. మా ప్లాన్ చాలా సింపుల్. భీమిలి నుంచి కళింగపట్నం దాకా రోడ్డెక్కకుండా సముద్రం ఒడ్డునే నడవాలి, తిండికి ఒక్క రూపాయి కూడా పెట్టకూడదు. ఆరు కేజీల బియ్యం, ఉప్పు, పసుపు, కారం, చింతపండు, ఉల్లిపాయలు, ఒక సీసాడు నువ్వుల నూనె ఇంటి నుంచి. కూర మాత్రం సముద్రమే పెట్టాలి.

ముగ్గురం. నేను, పొట్టోడు, పంతులు. పొట్టోడు ఆరడుగులుంటాడు కాబట్టి వాడికా పేరు. పంతులిది విజయనగరం దగ్గర ఒక పల్లె, పురోహితుల ఇల్లు, ఉల్లిపాయ కూడా గడప దాటి లోపలికి రాదు. మరి వాడెందుకొచ్చాడంటే నడవడానికి. "మీ చేపలు మీరు తినండి, నా కందిపొడి నేను తింటా" అని ముందే చెప్పేశాడు. వాడి సంచిలో కందిపొడి డబ్బా, నిమ్మకాయ ఊరగాయ, రెండు పంచెలు, ఒక జేబు పంచాంగం. ఆ పంచాంగాన్ని చూసి మేం నవ్విన నవ్వు మీరు కాస్త గుర్తుపెట్టుకోండి.

మా దగ్గరున్న సరంజామా: సత్తు గిన్నెలు రెండు, పాలిథిన్ కవర్లో చుట్టిన అగ్గిపెట్టెలు, కత్తి, పాత స్క్రూడ్రైవరు, టార్చిలైటు, గోనెసంచి, పొట్టోడు ఎవరినో బతిమాలి తెచ్చిన విసురు వల. ఆ వలని పదకొండు రోజుల్లో ఒక్కసారి కూడా గుండ్రంగా విసరలేకపోయాం. అది చేతిలోంచి ముద్దలా వెళ్ళి ముద్దలాగే నీళ్ళలో పడేది. చివరికి పంతులు రాత్రిళ్ళు దాన్ని తలగడగా వాడుకున్నాడు.

భీమిలిలో బస్సు దిగి గోస్తనీ నది సముద్రంలో కలిసే చోటు దాటి, రాళ్ళున్న దగ్గర ఆగాం. అక్కడ రాళ్ళకి ఆల్చిప్పలు గుత్తులు గుత్తులుగా ఉంటాయని, స్క్రూడ్రైవరు పెట్టి లేపితే గంటలో గిన్నె నిండుతుందని పొట్టోడి లెక్క. ఉన్నాయి, అబద్ధం కాదు. అంచులు ఆకుపచ్చగా మెరుస్తూ, పీచులాంటి దారాలతో రాయిని కరుచుకుని, అల తీసినప్పుడల్లా కనిపించి మమ్మల్ని ఊరిస్తున్నాయి. కానీ అల తీసేది ఒక్క క్షణం. చెయ్యి పెట్టేలోపు ఇంకోటి వచ్చి నడుం దాకా ముంచేస్తోంది. రెండు గంటలు కొట్టుకుంటే పదకొండు ఆల్చిప్పలు వచ్చాయి. రాళ్ళ మీద పేరుకున్న సున్నపు పెంకులు బ్లేడుల్లా గీసి నా రెండు అరచేతులూ, పొట్టోడి మోకాలూ రక్తం.

తెప్ప పక్కన కూర్చుని వల బాగుచేసుకుంటున్న ఒక పెద్దాయన మమ్మల్ని చాలాసేపటి నుంచి చూస్తున్నట్టున్నాడు. "ఏటి బావూ, ఈయేల వచ్చినారు? అస్టమి నవములకి సంద్రం సరిగ్గా పొంగదు, సరిగ్గా తియ్యదు. అమాసకి రండి, ఆ రాళ్ళన్నీ బయటపడతాయి" అన్నాడు.

మా అమ్మ గుర్తొచ్చింది నాకు. పంతులు మాత్రం ఒక్కసారిగా లేచి ఆయన పక్కన గొంతుకూర్చున్నాడు. తిథులంటే వాడి సబ్జెక్టు కదా! నీళ్ళు పైకి రావడం పోటు, వెనక్కి తియ్యడం పాటు, రోజుకి రెండు పోట్లు రెండు పాట్లు, అమావాస్యకీ పున్నానికీ అవి పెద్దవి, అష్టమి చుట్టుపక్కల చిన్నవి, ఈ రోజు వచ్చిన వేళకి రేపు రావు, కాస్త ఆలస్యమవుతాయి. ఎంత ఆలస్యం అని అడిగాడు. ఆయన గంటలు చెప్పలేదు, ఆకాశంలో చెయ్యి పెట్టి సూర్యుడి నుంచి ఇంత అని చూపించాడు. పంతులు ఇసుకలో పుల్లతో లెక్కలు గీసి, గీసి, "రెండు ఘడియలురా" అన్నాడు. ఘడియ అంటే ఇరవై నాలుగు నిమిషాలు, రెండు ఘడియలంటే నలభై ఎనిమిది. చాలా ఏళ్ళ తర్వాత నేను చదువుకున్నది, రోజుకి దాదాపు యాభై నిమిషాలు అని. చంద్రుడు రోజూ ఆలస్యంగా వచ్చే లెక్కే అది. వాళ్ళ తాతలు సంధ్యావందనానికీ ఏకాదశికీ వాడిన పుస్తకం ఆ రోజు నుంచి మాకు గుల్లలు ఏరుకునే గైడు అయిపోయింది.

ఆ రాత్రి పదకొండు ఆల్చిప్పలు ఇద్దరం తిన్నాం. నాకు అయిదు, పొట్టోడికి ఆరు. వాడికి ఆరెందుకని నేను అడగలేదు కానీ లెక్క మాత్రం మర్చిపోలేదు, ముప్పై ఏళ్ళు దాటినా.

తర్వాత రెండు రోజులూ ఉత్త ఇసుక. ఒక పక్క సరుగుడు తోటలు, మొగలి పొదలు, ఇంకో పక్క సముద్రం. రాయి లేదు, మడుగు లేదు. సాయంత్రమయ్యేసరికి ఎర్రపీతలు వేలకొద్దీ బయటికొచ్చేవి, మేం కనబడగానే అంతా ఖాళీ, కన్నాలు మాత్రం మిగిలేవి. ఆకలితో ఉన్నవాడికి అది ఎంత మంటగా ఉంటుందో చెప్పలేను. పొట్టోడు గోనెసంచి పట్టుకుని చీకటిదాకా వాటి వెంట పరిగెత్తి పాతిక పీతల్ని పట్టాడు. ఉడకబెడితే మొత్తం మీద వచ్చిన కండ ఒక చెంచాడు, ఇసుక రెండు చెంచాలు. పట్టడానికి ఖర్చయిన ఓపికకి అవి ఏ మూలకీ రాలేదు. పంతులు పక్కన కూర్చుని వేడన్నంలో కందిపొడి కలుపుకుని, నూనె వేసుకుని, నిమ్మకాయ బద్ద నంజుకుంటూ మాకేసి చూడకుండా తిన్నాడు. వాడి మంచితనం అది, చూస్తే మేం అడిగేసేవాళ్ళం.

నీళ్ళ సంగతి మాత్రం బాగా జరిగింది. ఇసుక దిబ్బల వెనక, సరుగుడు చెట్ల మొదట్లో చేత్తో రెండడుగులు తవ్వితే చెలమ ఊరేది. తియ్యటి నీళ్ళు. సముద్రానికి పట్టుమని వంద గజాలు కూడా ఉండదు. మొదటిసారి ఆత్రం కొద్దీ ఇంకా లోతుగా తవ్వేశాం, ఇంకా నీళ్ళొస్తాయని. ఉప్పు కషాయం వచ్చింది. వాన నీళ్ళు ఇసుకలో ఇంకి కింద ఉన్న ఉప్పునీళ్ళ మీద తేలుతూ ఉంటాయి, పైపైనే తోడుకోవాలి, ఆశపడితే రెండూ కలిసిపోతాయి. ఈ సంగతి సరుగుడు ఆకు ఏరుకుంటున్న ఒక చిన్న పిల్ల చెప్పింది, పదేళ్ళుంటాయేమో, చెప్పి మమ్మల్ని చూసి పకపకా నవ్వింది.

నాలుగో రోజు పొద్దున్నే ముక్కాం అనే ఊరి దగ్గర అలివి వల లాగుతున్నారు. పడవ మీద వెళ్ళి వలని అర్ధచంద్రాకారంలో వదిలి వస్తారు, రెండు కొసల తాళ్ళూ ఒడ్డున రెండు గుంపులు పట్టుకుని లాగుతారు. ఒక్కో గుంపులో ఇరవై మందికి తక్కువ లేరు. మేం చూస్తూ నిలబడితే, "సూత్తారేటి, ఒక సెయ్యెయ్యండి" అన్నాడొకాయన. అంతే, తాడు పట్టుకున్నాం. చెప్పుకోడానికి సిగ్గుగా ఉంది కానీ, అరగంటకే నా అరచేతుల పాత గాయాలు విచ్చుకున్నాయి. పట్టు వదిలితే మాట పోతుందని పళ్ళ బిగువున లాగాను. మూడు గంటలు పట్టింది. వల దగ్గరికొచ్చేసరికి బుట్టలు పట్టుకుని ఆడవాళ్ళు, పైన గద్దలు, చుట్టూ కుక్కలు. సంచి తెరిచేసరికి వెండి కుప్ప పోసినట్టు నెత్తళ్ళు, కవళ్ళు, నాలుగైదు సావళ్ళు, కొన్ని జెల్లలు.

తాడు లాగిన ప్రతివాడికీ వాటా ఉంటుంది. మాకూ ఇచ్చారు, ఎవరూ మొహమాటానికి ఇచ్చినట్టు లేదు, పని చేశారు కాబట్టి తీసుకోండి అన్నట్టే. రెండు దోసిళ్ళ నెత్తళ్ళు, నాలుగు జెల్లలు. మా నియమం ప్రకారం ఇది కొనడం కాదు కదా అని మేం చర్చించుకుంటూ ఉండగానే పొట్టోడు జెల్లని తోక పట్టుకోకుండా తల దగ్గర పట్టుకున్నాడు. దాని వీపు మీద ముల్లు వాడి బొటనవేలి మొదట్లో సర్రున దిగింది. ఆరడుగుల మనిషి ఇసుక మీద పడి దొర్లాడు. చెయ్యి మోచేతి దాకా లాగేస్తోందని ఏడుపు. ఒకావిడ గబగబా ఇంటికెళ్ళి సలసలా కాగిన నీళ్ళు తెచ్చి, చన్నీళ్ళు కలిపి, తన చెయ్యి పెట్టి చూసుకుని, వాడి చేతిని ఆ గిన్నెలో ముంచి కదలనివ్వకుండా పట్టుకుంది. చల్లారితే మళ్ళీ వేడినీళ్ళు. గంటకి నొప్పి సగం తగ్గింది. ఆ ముల్లు విషం వేడికి విరిగిపోతుందని నాకు తర్వాత ఒక డాక్టరు చెప్పాడు. ఆవిడ మాత్రం "అంతే నాయనా, ఏడికి దిగిపోద్ది" అని ఒక్క ముక్కలో తేల్చేసింది.

వాడి చెయ్యి వాచిపోవడంతో కోనాడ చేరి అక్కడే మకాం వేశాం. చంపావతి నది సముద్రంలో కలిసే చోటు. పక్కన వెడల్పాటి పాయ, బురద ఇసుక. నాలుగు రాత్రులు అక్కడే, ఒక పాత పాక వసారాలో. మా అదృష్టం, అక్కడ నాలుగో రోజు అమావాస్య. చొల్లంగి అమావాస్య. చుట్టుపక్కల ఊళ్ళ నుంచి జనం సముద్రస్నానానికి వచ్చారు, పంతులు కూడా మూడు మునకలేసి, తడిపంచెతోనే ఇసుక మీద పుల్ల పెట్టి లెక్కేసి, "మూడు దాటాక చూడండి" అన్నాడు.

మూడు దాటాక చూశాం. మన తీరంలో పోటుకీ పాటుకీ తేడా నిలువెత్తు కూడా ఉండదు, కానీ నేల చదునుగా ఉన్న చోట ఆ మాత్రం చాలు, పొద్దున పడవలు తిరిగిన చోట నల్లటి మెరుపుతో బురద బయటపడింది. అప్పటికే పదిమంది ఆడవాళ్ళు దిగి ఉన్నారు, చీరలు మోకాళ్ళ పైకి చెక్కుకుని. వాళ్ళు వంగి వెతకడం లేదు. నిలబడి, కబుర్లు చెప్పుకుంటూ, పాదాల్ని అటూ ఇటూ మెలితిప్పుతూ మెల్లగా నడుస్తున్నారు, డాన్సు చేస్తున్నట్టు. మధ్యలో ఆగి ఒక చెయ్యి కిందకి పెట్టి ఏదో తీసి నడుముకి కట్టిన సంచిలో వేస్తున్నారు.

నేను దిగి చేత్తో తవ్వడం మొదలుపెట్టాను. ఒక ముసలావిడ, డెబ్బై ఏళ్ళుంటాయి, నా వీపు మీద కర్రతో మెల్లగా పొడిచింది.

"ఏటది, దుంపలు తవ్వుతున్నావేటి?"

"గుల్లల కోసం మామ్మా."

"కాలితో సూడాల. కాలికి కళ్ళుంటాయి. మడవ తిప్పు. ఇలగ. ఇంకా ఒగ్గీ, బరువెయ్యకు."

మడమ తిప్పితే బురద జారిపోయి కింద ఉన్న గట్టి వస్తువు పాదానికి తగులుతుంది. మొదట్లో అన్నీ ఒకటే అనిపిస్తాయి. రాయి, ఖాళీ చిప్ప, గుల్ల. కాసేపటికి తేడా తెలుస్తుంది. ఖాళీ చిప్ప పదునుగా కోస్తుంది, రాయి కదలదు, బతికున్న గుల్ల మాత్రం నున్నగా, కాస్త జారుతూ, గుండ్రంగా ఉంటుంది. బురద మీద రెండు చిన్న చిల్లులు పక్కపక్కన ఉంటే కింద ఉన్నట్టే. దగ్గరగా అడుగేస్తే ఒక్కోసారి పిచికారీలా నీళ్ళు చిమ్ముతుంది, అదే తన చిరునామా ఇచ్చేస్తుంది పాపం.

ఇక్కడే మేం ఎవరం ఊహించనిది జరిగింది. అందరికంటే బాగా దొరికింది పంతులికి. వాడి పాదాలు చిన్నప్పటి నుంచీ చెప్పుల్లేకుండా గుళ్ళలో, పొలం గట్ల మీద తిరిగినవి. వాడు బురదలో దిగిన పావుగంటలో "ఇక్కడ" అన్నాడు. తవ్వితే గుల్ల. "ఇక్కడ." ఇంకో గుల్ల. కానీ చేత్తో ముట్టుకోడు. కాలి కింద గుల్లని అలాగే నొక్కిపెట్టి, ఇంకో కాలు ఎత్తి, కొంగలా ఒంటికాలి మీద నిలబడి మమ్మల్ని కేకేస్తాడు. మేం పరిగెత్తి వెళ్ళి వాడి పాదం కింద చెయ్యి పెట్టి తీసుకోవాలి. అక్కడున్న ఆడవాళ్ళకి ఆ సాయంత్రం ఇక వేరే వినోదం అక్కర్లేకపోయింది. "బాపనయ్య గుల్లలు సూపిత్తన్నాడే" అని ఒకళ్ళకొకళ్ళు చెప్పుకుని నవ్వు.

"మరి పాపం రాదా నీకు?" అని పొట్టోడు అడిగాడు, వాచిన చెయ్యి గుడ్డతో మెళ్ళోకి కట్టుకుని. "నేను నిలబడ్డానంతే. తీసింది మీరు, వండేది మీరు" అన్నాడు పంతులు. దాని మీద రాత్రి చాలాసేపు వాదించుకున్నాం, ధర్మశాస్త్రం ప్రకారం వాటా ఎంత వస్తుందని. తేలలేదు.

గిన్నె నిండా గుల్లలు. మామ్మ వెళ్తూ వెళ్తూ రెండు మాటలు చెప్పింది. ఉప్పునీళ్ళలో రాత్రంతా ఉంచితే ఇసుక కక్కుతాయి, రేపు వండుకోండి. ఉడికాక నోరు తెరవని గుల్లని బలవంతంగా తెరవొద్దు, పారెయ్యండి. రెండోది విన్నాం. మొదటిది వినే ఓపిక ఎక్కడుంది! ఆ రాత్రే ఉడకబెట్టాం, ఉల్లిపాయలు వేయించి, కారం, చింతపండు పులుసు పోసి, సరుగుడు పుల్లల మంట మీద. వాసనకే కళ్ళు తిరిగాయి. మొదటి ముద్దలోనే కరకర. పళ్ళ మధ్య కోనాడ తీరమంతా ఉంది. అయినా తిన్నాం. గిన్నెలో సగం మిగిల్చినవి తెల్లారి వండితే, ఆ పులుసు గురించి నేను ఎంత రాసినా మా ఆవిడకి నచ్చదు కాబట్టి వదిలేస్తున్నా.

అన్నట్టు, ఇది చదివి ఎవరైనా రేపు ఊరి పక్క బీచిలో గుల్లలు ఏరడానికి బయల్దేరితే ఒక మాట. గుల్ల, ఆల్చిప్ప రెండూ నీళ్ళని వడకట్టుకుని బతుకుతాయి, ఆ నీళ్ళలో ఏముంటే అది వాటి ఒంట్లో ఉంటుంది. డ్రైనేజీ కలిసే చోట, ఫ్యాక్టరీ గొట్టాలున్న చోట నేనైతే ఇప్పుడు ముట్టుకోను. అప్పుడు మేం ఆ ఆలోచనే చెయ్యలేదు, ఏమీ కాలేదు, అంతే.

కోనాడ తర్వాత అంతా సుఖమే. చింతపల్లి రాళ్ళ దగ్గర పంతులు చెప్పిన వేళకి దిగితే గంటలో ఆల్చిప్పలు నిండాయి. భీమిలిలో అంత ఏడిపించినవి ఇక్కడ పొడి రాయి మీద కూర్చుని పీకినట్టే వచ్చాయి. రాత్రి టార్చిలైటు వేస్తే రాతిపీతలు కదలకుండా నిలబడిపోయేవి, వెనక నుంచి పట్టుకోవడం ఒక్కటే నేర్చుకోవాలి. నేను రెండుసార్లు ముందు నుంచి పట్టుకుని నేర్చుకున్నాను. బుడగట్లపాలెంలో ఒకాయన మాకు నాలుగు కొయ్యింగ చేపలు ఊరికే ఇచ్చాడు, తీసుకోవాలా వద్దా అని మేం మొహాలు చూసుకునేలోపు పంతులే సంచి తెరిచి పట్టాడు. ఆ ఊళ్ళో మాతో పాటు ఈత కొట్టిన కుర్రాళ్ళలో చాలామంది తర్వాత గుజరాత్, వెరావల్ వెళ్ళి బోట్లలో పనికి కుదిరారని విన్నాను. నాగావళిని పడవలో దాటాం. పడవాయనకి డబ్బులివ్వడం తిండి ఖర్చు కిందికి రాదని ముగ్గురం ఏకగ్రీవంగా తీర్మానించుకున్నాం.

శ్రీకూర్మం వైపు ఒడ్డున, పదో రాత్రి. సన్నటి నెలవంక ఎప్పుడో అస్తమించింది. ఇసుక మీద ట్రాక్టరు చక్రం వెళ్ళినట్టు వెడల్పాటి జాడ కనిపించింది, నీళ్ళలోంచి మొదలై దిబ్బ దాకా. దాని కొసన ఒక తాబేలు, తలుపంత అనిపించింది అప్పుడు, నిజానికి రెండడుగులుంటుందేమో, వెనక కాళ్ళతో గుంత తవ్వుకుని గుడ్లు పెడుతోంది. పింగ్‌పాంగ్ బంతుల్లా తెల్లగా ఒకటి, రెండు, మూడు. కళ్ళలోంచి నీళ్ళు కారుతున్నాయి. మేం టార్చి ఆర్పేసి దూరంగా కూర్చున్నాం. ఒక్కో గుంతలో నూటికి పైగానే పెడతాయట. ముట్టుకుంటే 1972 వన్యప్రాణుల రక్షణ చట్టం ప్రకారం జైలని అప్పుడు మాకు తెలీదు. ఆ రోజు మధ్యాహ్నం తిన్నది అరిగిపోయి ఉంది. పొట్టోడు గుసగుసగా, "గుడ్లే కదరా" అన్నాడు.

పంతులు వాడి భుజం మీద చెయ్యేసి, చీకట్లో లోపలి వైపు చూపించాడు. రెండు మూడు మైళ్ళ లోపల కూర్మనాథుడి గుడి. విష్ణుమూర్తి తాబేలు రూపంలో ఉన్న గుడి. "పొద్దున ఆయన దగ్గరికే వెళ్తున్నాం, ఏ మొహం పెట్టుకుని వెళ్తావు?" అన్నాడు. పొట్టోడు మళ్ళీ మాట్లాడలేదు. తాబేలు గుంత పూడ్చి, పైన ఒళ్ళంతా ఆడించి చదును చేసి, అరగంట కష్టపడి నీళ్ళలోకి వెళ్ళిపోయింది. మేం ఆ జాడని చెరిపేశాం, కుక్కలకి తెలియకుండా. కుక్కలు జాడ చూసి కాదు, వాసన చూసి వస్తాయని ఇప్పుడు అనిపిస్తోంది, కానీ అప్పుడు ముగ్గురం చాలా శ్రద్ధగా చెరిపాం.

పొద్దున గుళ్ళో పులిహోర ప్రసాదం పెట్టారు. పొట్టోడు మూడుసార్లు వరసలో నిలబడ్డాడు. ఆ గుళ్ళో తాబేళ్ళని పెంచుతారు, చిన్నవి, వీపు మీద నక్షత్రాలున్నవి. వాటి ముందు వాడు చాలాసేపు చేతులు కట్టుకుని నిలబడటం నేను చూశాను.

కళింగపట్నం చేరేసరికి సాయంత్రం. లైటుహౌసు, వంశధార కలిసే చోటు, గాలి. బియ్యం రెండు గుప్పెళ్ళు మిగిలాయి. చివరి పూటకి నదీముఖంలో పంతులు కాలితో చూపించిన గుల్లలు పద్దెనిమిది, పొట్టోడికీ నాకూ తలా తొమ్మిది. ఈసారి లెక్క నేను పెట్టాను. తింటుంటే పంతులు చాలాసేపు మాకేసే చూస్తూ కూర్చున్నాడు. పదకొండు రోజుల్లో అలా చూడటం అదే మొదటిసారి.

"ఎలా ఉంటుందిరా?" అన్నాడు.

నేనూ పొట్టోడూ మొహమొహాలు చూసుకున్నాం. చేప తెలియనివాడికి గుల్ల ఎలా ఉంటుందో ఎలా చెబుతాం? ఉప్పగా ఉంటుందన్నాను. "అది నేను మునిగినప్పుడే తెలిసింది" అన్నాడు. మెత్తగా ఉంటుంది, కానీ మెత్తగా కాదు, సాగుతుంది, కానీ రబ్బరు కాదు. పొట్టోడు చాలాసేపు నమిలి, ఆలోచించి, "ఉడకబెట్టిన పనసగింజ ఉంటుంది చూడు, దాన్ని సముద్రంలో నానబెడితే అదిగో అలా" అన్నాడు. పంతులు తల ఊపాడు. అర్థమైందన్నాడు.

ఆ ఎండాకాలం వాళ్ళింటికి వెళ్ళాం. వాళ్ళమ్మ మా కోసం పనసగింజలూ వంకాయా కలిపి కూర చేసింది, అరిటాకులు పరిచి వడ్డించింది. పొట్టోడూ నేనూ తల ఎత్తకుండా తింటున్నాం.

"వీడికేం పుట్టిందో బాబూ," అందావిడ, పంతులి ఆకులో పక్కకి నెట్టేసిన గింజల్ని చూపిస్తూ, "చిన్నప్పుడు ఇవే కావాలని ఏడ్చేవాడు, ఈ ఏడు ముట్టుకోవడం లేదు."